అటకమీది తీపి

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పిల్లవాడు తీపి కావలెనని మారాము చేసినచో తల్లి అంగడికి పరుగెత్తవలసిన పని యుండెడిది కాదు. కుండలో బొరుగులు, డబ్బాలో వేయించిన పప్పులు, మూలనున్న మూటలో చెనక్కాయలు, అటకమీద బెల్లపు అచ్చు - వీనిలో ఏ రెండు చేతికందినను చాలును. పప్పులును బెల్లమును రోటిలో నాలుగు పోట్లు పొడిచిన ఒక తినుబండారము. బెల్లము కరగించి బొరుగులు కలిపి ఉంటలు చుట్టిన మరియొకటి. రాగిపిండిని దోరగా వేపి బెల్లపు నీటిలో ఉడికించిన కడుపు నిండును కూడ.

ఇంత చిన్న తిండి వెనుక ఎంత దూరమున్నదో చూడుడు. చెరకు తొలుత న్యూగినీ దీవిలో సాగైనది. రాగి తూర్పు ఆఫ్రికా మెట్టభూములది. శనగ పశ్చిమాసియాది. చెనక్కాయ దక్షిణ అమెరికాకు చెందినది. ఐరోపావారి ఓడలు సముద్రములు దాటిన తరువాతనే అది మనకు దక్కినది. ఈనాడు రాయలసీమ పంటయనగానే మొదట స్ఫురించునది చెనక్కాయయే గాని, ఆ వరుసలో అందరికంటె వెనుక వచ్చినది అదియే.

చెరకు రసమును కాచి గట్టిపరచు విద్య మాత్రము మన దేశమున చాల ప్రాచీనము. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను భేదములు కనబడును. శర్కర యనగా మొదట గులకరాయి. చక్కెర పలుకులు రాళ్ళవలె నుండుటచే ఆ పేరు వచ్చినది. మన 'చక్కెర'యు, ఆంగ్లేయుల 'షుగరు'ను ఆ మాటకు పుట్టిన బిడ్డలే.

1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుడు మద్రాసునుండి బయలుదేరి మైసూరు రాజ్యము నంతయు చూచి వ్రాసెను. పుంగనూరునకు పొరుగైన కోలారు సీమలో ఆయన గమనించిన చెరకులలో ముఖ్యమైనవి రస్తాళి, పుట్టపుట్టి. రెండవది హైదరాలీ కాలమున ఆర్కాటునుండి తెచ్చినదనియు, దాని రసమునుండి మాత్రమే అచ్చటి వారు చక్కెర తీయగలుగుచుండిరనియు ఆయన మాట. మిగిలిన వానినుండి వచ్చునది బెల్లమే.

ఏల? రసములోని ప్రధానమైన చక్కెర సుక్రోజు. అది ఆమ్లముచేతను వేడిచేతను కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు లగును. ఈ రెండును సుక్రోజు అణువుల నడుమ చేరి, అవి వరుసలు తీరి స్ఫటికములగుటకు అడ్డుపడును. ఇవి ఎక్కువైన రసమునుండి పలుకు చక్కెర తీయుట కష్టము. గానుగ దగ్గర పాకములో చిటికెడు సున్నము వేయుట ఆ ఆమ్లమును విరుచుటకే. బెండ చెట్టు జిగురు వేయుట మడ్డిని పైకి తేల్చుటకు.

తరువాతి కథ వేగముగా నడచినది. 1912లో కోయంబత్తూరున చెరకు పరిశోధన కేంద్రము వెలసెను. అచ్చట బార్బరు, వెంకట్రామన్‌గార్లు లావు చెరకును అడవి రెల్లుజాతితో సంకరము చేసి 1918లో 'కో 205' రకమును ఇచ్చిరి. 1932లో ప్రభుత్వము దేశీయ చక్కెర పరిశ్రమకు రక్షణ సుంకము కల్పించగా, ముప్పది చిల్లర యున్న మిల్లులు అయిదారేండ్లలో నూరు దాటెను. తెల్ల చక్కెర గ్రామపు కాఫీ గ్లాసులోనికి దిగుటకు త్రోవ ఏర్పడినది. అయితే యుద్ధము వచ్చి 1942లో చక్కెరపై నియంత్రణ విధించిరి. అప్పుడు అందరును బెల్లమువైపు తిరిగిరి. దాని ధరయు ఎగబ్రాకగా 1943లో బెల్లమునకును నియంత్రణ తప్పలేదు! అటకమీది అచ్చు సైతము లోకపు సంతకు అతీతము కాదు.

ఉంటలు చుట్టువారి నేర్పంతయు పాకములో నున్నది. నీరు ఆవిరియైన కొలది పాకము మరగు ఉష్ణోగ్రత పెరుగును. సుమారు 115 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నీటిలో వేసిన చుక్క మెత్తని ఉండయగును. 150 దగ్గరకు వచ్చినచో పళ్ళెముపై కొట్టగా టంగున మ్రోగును. మదనపల్లె సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట నీరు 98 డిగ్రీలలోపే మరగును. పాకపు లెక్కయు రెండు డిగ్రీలు తగ్గును. సముద్రతీరపు పుస్తకమును, ఉష్ణమాపకమును నమ్ముకొన్నవాని ఉంటలు ఒకింత ముదురును. గిన్నెలో నీళ్ళు పెట్టుకొని చుక్క వేసి చూచు అవ్వ పొరబడదు.

తీపిపై మక్కువ దురలవాటు కాదు, పుట్టుకతో వచ్చినది. నాలుకపై తీపిని పట్టు గ్రాహకము ఏ ప్రోటీనులతో కూడినదో 2001లో తేలినది. అయినను బెల్లము మందనుకొనుట భ్రమ. అందులో అధికభాగము చక్కెరయే. మధుమేహరోగికి రెండును ఒకటే. పసుపుపచ్చని మెరుపుకై కొన్నిచోట్ల హైడ్రోసు కలుపుటయు కలదు. కొనువారు నల్ల అచ్చును ప్రక్కకు నెట్టుటయే దీనికి మూలము.

చెరకు లేకయే తీపి పుట్టించు ఉపాయము కూడ ఈ ఇండ్లలో నున్నది. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టినచో ఒకటి రెండు రోజులలో మొలకలు వచ్చును. మొలకలోని అమైలేజు అను ఎంజైము పిండిపదార్థమును మాల్టోజు అను చక్కెరగా విరుచును. ఎండబెట్టి, సన్నని సెగపై వేపి విసరిన ఆ పిండితో కాచిన జావ పలుచగా జారును, తనకు తానే కొంచెము తియ్యగా నుండును. పసిబిడ్డకు దానిలో బెల్లము వేయకున్నను సరిపోవును. పెద్దపిల్లలు మాత్రము ఒక ముక్క వేయుమనియే అడుగుదురు.