దుబాయ్‌లో రిటైర్మెంట్: బేగం వీసాకు నికాహ్ కాగితమే కీలకం

యూఏఈలో 55 ఏళ్లు దాటినవాళ్లకు ఐదేళ్ల రిటైర్మెంట్ వీసా ఉంది. 15 ఏళ్ల ఉద్యోగ అనుభవంతో పాటు 10 లక్షల దిర్హమ్‌ల ఆస్తి గానీ, అంతే పొదుపు గానీ, నెలకు 20 వేల దిర్హమ్‌ల (దుబాయ్‌లో 15 వేలు) ఆదాయం గానీ చూపించాలి. భార్యకు ఇవన్నీ విడిగా అడగరు, భర్త స్పాన్సర్ చేస్తే చాలు.

చిక్కంతా కాగితాల దగ్గరే. పాత ఉర్దూ నికాహ్‌నామా ఒక్కటే ఉంటే పని జరగదు. హైదరాబాద్‌వాళ్లు నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకుని రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ అటెస్టేషన్లు వరుసగా చేయించుకోవాలి. అక్కడికెళ్లాక అరబిక్ అనువాదం. నికాహ్‌నామాలో ‘బీ’, పాస్‌పోర్టులో ‘బేగం’ అని ఉంటే ఇక్కడున్నప్పుడే సరిచేయించుకోవడం మేలు.

ఇంకోటి, ఆమె వీసా ఆయన వీసా మీదే నిలబడుతుంది. అది రద్దయితే ఇదీ ఆగుతుంది. ఫ్లాటు, డిపాజిట్ ఎవరి పేర ఉండాలో బయలుదేరే ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.