రంగు ఊడదీసే విద్య: మోటారు సైకిల్ పక్కపెట్టెల పూతకు సంబంధించిన ఒక చరిత్ర

వాహనాలకు రంగు వేసే వృత్తి చరిత్రను సాధారణంగా రంగుల చరిత్రగానే రాస్తారు. ఏ కాలంలో ఏ కొత్త పూత వచ్చింది, అది ఎంత త్వరగా ఆరింది, ఎంతగా మెరిసింది అన్న వివరాల చుట్టూనే ఆ కథనం నడుస్తుంది. చెడిపోయిన రంగును సరిచేసేవారి వైపు నుంచి చూస్తే మాత్రం ఈ చరిత్ర వేరుగా కనిపిస్తుంది, ఎందుకంటే వారి శ్రమలో ఎక్కువ భాగం కొత్త పూత వేయడంలో కాక పాత పూతను తొలగించడంలోనే గడుస్తుంది. మోటారు సైకిల్ వెనుక చక్రానికి ఇరువైపులా బిగించే ప్లాస్టిక్ పెట్టెలు, అంటే వాడుకలో సైడ్ బాక్సులుగా పిలిచేవి, ఈ తేడాను బాగా చూపిస్తాయి. ఇనుప రేకు మీద తరతరాలుగా చెల్లిన తొలగింపు పద్ధతుల్లో దాదాపు ఏ ఒక్కటీ వాటి మీద చెల్లలేదు.

తొలినాళ్ల మోటారు సైకిళ్ల మీద సామాను మోసినవి గుర్రపు జీను సంచుల పోలికలో కుట్టిన తోలు సంచులు. తోలుకు నూనె పట్టిస్తే చాలు కనుక రంగు సమస్య వాటికి లేదు. రంగు అవసరమైనది ఇనుప భాగాలకు. వాటికి వేసినది జపాన్ పూత. తూర్పు ఆసియా లక్కపనిని అనుకరించే ప్రయత్నంలో ఐరోపాలో పుట్టిన ఈ పూత పద్దెనిమిదో శతాబ్దంలో వేల్స్‌లోని పాంటీపూల్‌లోను, ఇంగ్లండ్‌లోని బిల్‌స్టన్, వుల్వర్‌హాంప్టన్, బర్మింగ్‌హామ్ పట్టణాల్లోను పెద్ద పరిశ్రమగా ఎదిగింది. సహజంగా దొరికే తారు వంటి పదార్థాన్ని అవిసె నూనెలో, టర్పెంటైన్‌లో కలిపి, ఇనుము మీద పూసి, కొలిమి గదిలో కాల్చితే నల్లని గట్టి పొర ఏర్పడేది. సైకిళ్ల చట్రాలు, తొలి మోటారు సైకిళ్ల భాగాలు, 1914 నుంచి 1925 వరకు ఒక్క నలుపులోనే అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టి కార్లు ఈ తరహా పూతతోనే బయటికి వచ్చాయి. అది పాడైతే తీసేయడానికి మంట చూపవచ్చు, కాస్టిక్ సోడా కలిపిన వేడి నీటిలో ముంచవచ్చు, లేదా 1870లో అమెరికాకు చెందిన బెంజమిన్ టిల్గ్‌మన్ పేటెంటు పొందిన ఇసుక చిమ్మే పద్ధతిని వాడవచ్చు. ఇనుము ఈ మూడింటినీ తట్టుకుంటుంది కాబట్టి పూత అడుగున ఉన్న వస్తువు ఏమవుతుందోనన్న బెంగ ఆనాటి పనివారికి అంతగా ఉండేది కాదు.

1923లో డ్యూపాంట్ సంస్థ డ్యూకో పేరుతో విడుదల చేసిన నైట్రోసెల్యులోజ్ లాకర్ ఈ వృత్తి వేగాన్నే మార్చేసింది. పత్తి వంటి నారను నైట్రిక్ ఆమ్లంతో చర్యకు గురిచేయగా వచ్చే పదార్థాన్ని ద్రావకంలో కరిగించి చేసే ఈ పూత, ద్రావకం ఆవిరైన కొద్ది సేపటికే ఆరిపోతుంది. అంతకు ముందు ఒక కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1924 నాటి ఓక్‌లాండ్ కార్ల మీద జనరల్ మోటార్స్ దీనిని తొలిసారి నీలిరంగులో వాడింది. అమెరికాలోని టొలీడో నగరంలో గొంతుకు మందు చిమ్మే పరికరాన్ని తయారు చేసిన వైద్యుడు అలెన్ డివిల్బిస్ కుమారుడు థామస్, అదే సూత్రంతో 1907లో రూపొందించిన స్ప్రే గన్ ఈ లాకర్‌కు సరిగ్గా జోడు కుదిరింది. డ్యూకో రంగులు ఆ తరువాత కార్ల షెడ్లు దాటి చాలా దూరం వెళ్లాయి. తెలంగాణలోని నిర్మల్ కొయ్యబొమ్మల మీద పూర్వపు సహజ రంగుల స్థానాన్ని ఆక్రమించినవి కూడా అవే. సరిచేసే పనికి సంబంధించి ఈ లాకర్‌కు ఒక పెద్ద గుణం ఉంది: ఎన్నేళ్ల క్రితం ఆరినదైనా తన థిన్నర్ తగలగానే మళ్లీ కరుగుతుంది కాబట్టి, పూత కారినా గరుకు తేలినా థిన్నర్ గుడ్డతో తుడిచి తిరిగి మొదలు పెట్టడం సాధ్యమయ్యేది. ఆ తరువాత వచ్చిన ఏ పూతా పనివారి తప్పులను అంత తేలికగా మన్నించలేదు.

నేటికీ ప్రతి షెడ్డులో కనిపించే రెండు వస్తువులు కూడా ఆ దశాబ్దంలోనే, ఒకే సంస్థలో పుట్టాయి. సిరా తయారీదారు ఫ్రాన్సిస్ ఓకీ ఆలోచన ఆధారంగా అమెరికాలోని త్రీఎం సంస్థ 1921లో నీటికి చెడని గరుకు కాగితాన్ని అమ్మకానికి తెచ్చింది. తెలుగునాట వాటర్ పేపర్ అనేది ఇదే. అప్పటి రంగుల్లో సీసం ఉండేది కనుక పొడిగా రుద్దినప్పుడు లేచే ధూళి పనివారి ఊపిరితిత్తుల్లోకి చేరి విషంగా మారేది. నీటితో రుద్దితే ధూళి లేవదు, కాగితం మూసుకుపోదు, ఉపరితలం కూడా నునుపుగా వస్తుంది. ఆ కాగితాన్ని పరీక్షకు ఇవ్వడానికి మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరపు షెడ్లకు తిరిగే రిచర్డ్ డ్రూ అనే యువ ఉద్యోగి, రెండు రంగుల కార్లకు గీత దగ్గర అంటించిన కాగితం ఊడదీస్తే దానితో పాటు కొత్త రంగు కూడా ఊడివస్తోందని పనివారు పడుతున్న బాధను గమనించి, గట్టిగా అంటుకుంటూనే తేలికగా ఊడివచ్చే మాస్కింగ్ టేపును 1925 నాటికి తయారు చేశాడు. అమ్మవలసిన సరుకును వదిలి అడగని సరుకు గురించి ఆలోచించిన ఆ ఉద్యోగి, వాహనాల రంగు చరిత్రలో చాలామంది రసాయన శాస్త్రవేత్తల కంటే ఎక్కువ చోటుకు అర్హుడు.

పెట్టెలు తోలు నుంచి గట్టి పదార్థాలకు మారడం రెండో ప్రపంచ యుద్ధం తరువాతి పరిణామం. మొదట వచ్చినది ఫైబర్‌గ్లాస్, అంటే గాజు నారను రెసిన్‌లో తడిపి అచ్చులో గట్టిపరచిన పదార్థం. 1953లో షెవర్లే కార్వెట్ కారు ఒళ్లంతా దానితోనే తయారు కాగా, 1960లలో హార్లీ డేవిడ్‌సన్ పెద్ద బళ్ల పక్కపెట్టెలు కూడా ఆ దారి పట్టాయి. రెండో అంచెలో వచ్చినది ఏబీఎస్, అంటే ఆక్రిలోనైట్రైల్, బ్యుటడీన్, స్టైరీన్ అనే మూడు పదార్థాల కలయికతో వచ్చే ప్లాస్టిక్. దీనిని బోర్గ్ వార్నర్ సంస్థలోని మార్బన్ విభాగం సైకోలాక్ పేరుతో 1954లో మార్కెట్‌లోకి తెచ్చింది. వేడి చేసి మెత్తబరచిన ఏబీఎస్ పలకను అచ్చు మీద పరచి, కింది నుంచి గాలి లాగివేస్తే పలక అచ్చుకు అతుక్కుని పెట్టె ఆకారం వస్తుంది. 1970లలో అమెరికాలో క్రెయిగ్ వెటర్, జర్మనీలో మైకేల్ క్రౌజర్ దూరప్రయాణపు బళ్లకు గాలితెరలు, పెట్టెలు విడిగా అమ్మి పేరు తెచ్చుకోగా, 1980లో హోండా తన గోల్డ్ వింగ్ ఇంటర్‌స్టేట్‌కు గాలితెరను, పెట్టెలను కర్మాగారంలోనే బిగించి అమ్మింది.

విడిగా కొన్న పెట్టె రంగును బండి ట్యాంకు రంగుతో కలపాలన్న కోరికే చాలా చెడ్డ పూతలకు మూలం. కర్మాగారాల్లో కూడా ఇది సులువైన పని కాదు. 1960లలో ఫోర్డ్ కర్మాగారాల నుంచి వ్యాపించిన విద్యుత్ పూత పద్ధతిలో, అంటే లోహపు భాగాన్ని రంగు తొట్టిలో ముంచి విద్యుత్తుతో పూతను అంటించే పద్ధతిలో, ఆ భాగాన్ని తరువాత 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చాలి. ఏబీఎస్ సుమారు 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పైగా దానిలో విద్యుత్తు ప్రవహించదు. అందువల్ల ప్లాస్టిక్ భాగాలకు వేరే వరుసలో, తక్కువ వేడికి గట్టిపడే వేరే రంగు వేయవలసి వస్తుంది, కొత్త బండి మీదే ట్యాంకుకూ పెట్టెకూ రంగులో లేశమాత్రపు తేడా కనిపించడానికి ఇదొక కారణం.

ప్లాస్టిక్ మీద పూత నిలవకపోవడానికి కారణాలు చాలావరకు పూత కిందే ఉంటాయి. అచ్చు నుంచి తేలికగా ఊడిరావడానికి పూసిన మైనం లేదా సిలికాన్ జాడలు ఉపరితలం మీద మిగిలిపోతే, రంగు అక్కడక్కడా వెనక్కి జరిగి చేపకన్ను వంటి గుంటలు ఏర్పడతాయి. తుడిచేకొద్దీ ప్లాస్టిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తు గాలిలోని ధూళిని లాక్కుంటుంది. తీవ్రమైన థిన్నర్ ఏబీఎస్‌ను కొద్దిగా ఉబ్బించి లోపలికి ఇంకుతుంది, ఆ తరువాత కొన్ని రోజుల పాటు మెల్లగా బయటికి వస్తూ, రుద్దినప్పుడు పడిన గీతలను పైపూత మీద మళ్లీ తేలుస్తుంది. రేకు పనికి అలవాటైన చేయి ఇక్కడ చేసే మరో పొరపాటు లప్పాన్ని మందంగా పట్టించడం. పెట్టె మూత వంగినప్పుడల్లా, వంగలేని లప్పం చిట్లి, పైనున్న రంగును కూడా చీలుస్తుంది.

ఇలా చెడిన పూతను తీయబోతే పాత ఆయుధాలన్నీ ఎదురు తిరుగుతాయి. మంట, వేడి తొట్టి పెట్టెను వంకర చేస్తాయి. ఇసుక దాని చర్మాన్ని లేపేస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో లోహం మీద అద్భుతంగా పనిచేసిన డైక్లోరోమీథేన్ అనే తొలగింపు ద్రవం రంగుతో పాటు ఏబీఎస్‌ను కూడా కరిగిస్తుంది, దాని ఆవిరి ప్రాణాంతకం కూడా. వినియోగదారులకు అమ్మే రంగు తొలగింపు ద్రవాల్లో దానిని అమెరికా పర్యావరణ సంస్థ 2019లో నిషేధించింది. అసిటోన్ కథా అంతే. కొందరు గృహవైద్యంగా వాడే బ్రేకు నూనె పైకి ఏమీ చేయనట్టే ఉండి, స్క్రూ రంధ్రాల చుట్టూ బిగువుగా ఉన్న చోట్ల తరువాత పగుళ్లు తెప్పిస్తుంది. విమానాల సున్నితమైన భాగాల మీది రంగు తీయడానికి 1980లలో అమెరికా వైమానిక దళం యూటాలోని హిల్ స్థావరంలో ఇసుకకు బదులు ప్లాస్టిక్ గుళికలను చిమ్మే పద్ధతిని పెంపొందించింది. పద్ధతి మంచిదే కానీ, రెండు పెట్టెల కోసం ఆ యంత్రాంగమంతా సమకూర్చుకోవడం ఏ చిన్న షెడ్డుకూ తూగదు.

చివరికి మిగిలింది 1921 నాటి వాటర్ పేపరు, దానిని పట్టే చేయి. ముందుగా సబ్బునీటితో కడగాలి, ఆపైన ఏబీఎస్‌కు హాని చేయని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వంటి తేలికపాటి ద్రవంతో జిడ్డు తుడవాలి, అటుపిమ్మట 320 లేదా 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 600 వరకు రావాలి. కడగకుండా రుద్దితే ఉపరితలం మీది మైనం గీతల్లోకి దూరి కూర్చుంటుంది కాబట్టి ఈ వరుసను తారుమారు చేయడం చెల్లదు. పూతనంతా తీయాలన్న పట్టుదల కూడా అన్నివేళలా సరైనది కాదు. బ్లేడుతో చిన్న గళ్లుగా కోసి, టేపు అంటించి లాగినప్పుడు గళ్లు ఊడిరాకపోతే ఆ పాత పొరను పునాదిగా ఉంచుకోవడమే మేలు, ఎందుకంటే ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకున్న పొరను తీసి మళ్లీ అంత పట్టును సాధించడం కష్టం. పైపూత మాత్రమే కారి ఉంటే దానిని 1000, 1500, 2000 నంబర్లతో కోసి రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెడితే సరిపోతుంది.

ఈ చివరి పని కూడా 1970ల తరువాత వ్యాపించిన రెండు డబ్బాల పాలీయూరెథేన్ పూతల వల్లనే తప్పనిసరి అయింది. జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఒట్టో బేయర్ 1937లో కనుగొన్న ఈ రసాయనంలో రంగు, హార్డనర్ కలిసి ఒక్కటిగా అల్లుకుపోతాయి. ఒకసారి గట్టిపడితే థిన్నర్‌కు కరగదు, పెట్రోలు చుక్కకు మరక పడదు. హార్డనర్‌లోని ఐసోసైనేట్లు పీల్చినవారికి ఉబ్బసం తెప్పిస్తాయి కనుక బయటి నుంచి శుభ్రమైన గాలిని అందించే ముసుగు దీనికి అవసరం, కానీ ముఖానికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే గన్ పట్టే అలవాటు చిన్న షెడ్లలో ఇంకా పోలేదు.

రంగుకు ముందు చూడవలసినది పెట్టె లోపలి గోడ. ప్లాస్టిక్ వస్తువుల మీద వాటి పదార్థాన్ని సంకేతాక్షరాలతో అచ్చొత్తాలని ఐఎస్ఓ 11469 ప్రమాణం చెబుతుంది. వ్యర్థాలను వేరు చేసేవారి కోసం ఉద్దేశించిన ఆ అక్షరాలు పెయింటర్‌కే ఎక్కువగా పనికివస్తున్నాయి. అక్కడ ఏబీఎస్ అని ఉంటే మామూలు ప్లాస్టిక్ ప్రైమర్ చాలు. పాలీప్రొపిలీన్ అని అర్థమిచ్చే పీపీ అన్న అక్షరాలుంటే, ఏ ద్రవాన్నీ సరిగా అంటనివ్వని ఆ ప్లాస్టిక్ మీద ముందుగా క్లోరిన్ కలిపిన పాలీఓలెఫిన్ పొరను చాలా పలుచగా చిమ్మి, అది పూర్తిగా ఆరిపోకముందే ప్రైమర్ వేయవలసి ఉంటుంది.