రాజునకు మీఁద శాసనము: స్టాల్ పండితుని చరిత్ర



రాజు గొప్పవాఁడా, శాసనము గొప్పదా యను ప్రశ్న మనకుఁ గ్రొత్త కాదు. దండనీతి నెఱిఁగిన మన పూర్వులు దీనిని పలుమాఱు విచారించిరి. ఈ ప్రశ్నతోనే జీవితమంతయు గడపిన జర్మను పండితుఁడు ఫ్రీడ్రిష్ యూలియుస్ స్టాల్.

అతఁడు 1802లో యూదుల యింట జన్మించెను. పుట్టినింటి పేరు యోల్సన్. పదునేడవ యేట, 1819లో, లూథరు మతమును స్వీకరించి స్టాల్ అను పేరు పెట్టుకొనెను. ఆ మాటకు జర్మను భాషలో ఉక్కు అని యర్థము. ఉద్యోగమునకై మతము మార్చెనని యనుకొనవలదు. కడవఱకు నతఁడా మతమును నిండుమనస్సుతో నమ్మెను.

న్యాయశాస్త్రాచార్యుఁడై, 1837లో ఎర్లాంగెను విశ్వవిద్యాలయ ప్రతినిధిగా బవేరియా శాసనసభకు వెళ్లెను. రాజభక్తుఁడేకదా యని ప్రభుత్వము తలఁచెను. కాని ఆయవ్యయముల విషయమున సభకుఁ గల హక్కును రాజు మంత్రులు త్రోసిపుచ్చరాదని యతఁడు వాదించెను. ఫలితముగా రాజ్యాంగశాస్త్రము బోధించు పని యతని నుండి తొలఁగించి, సివిలు వ్యాజ్యముల విచారణపద్ధతిని చెప్పుమనిరి. బడిలో జీవితము గడపిన నాకు ఈ శిక్ష బాగుగఁ దెలియును. పండితునకు చెఱసాల యేల? ప్రియమైన పాఠమును లాగికొన్నఁ జాలును.

1840లో ప్రష్యా రాజైన నాలుగవ ఫ్రీడ్రిష్ విల్హెల్ము అతనిని బెర్లినునకుఁ బిలిపించెను. రాజాధికారము సభలోని సంఖ్యాబలము వలనఁ గలిగినది కాదనియు, అయినను సభ యంగీకారము లేక రాజు క్రొత్త శాసనము చేయరాదనియు 1845లో స్టాల్ వ్రాసెను. ఈ రెండు మాటలను కలిపి పట్టుకొనుటయే యతని ప్రత్యేకత.

1848లో విప్లవము చెలరేఁగెను. ఆ సంవత్సరము డిసెంబరులో రాజే యొక రాజ్యాంగమును ప్రకటించెను. పూర్వాచారపక్షము వారిలోఁ బలువురకు అది గిట్టలేదు. స్టాల్ మాత్రము, రాజిచ్చిన మాట నిలువవలెననియు, ఆ రాజ్యాంగములోనే యుండి మన పక్షమును నిలుపుకొందమనియు వారిని త్రిప్పెను. 1849లో ఎగువసభ సభ్యుఁడై, ఆ పక్షమునకు నాయకుఁడయ్యెను.

ఒక్క విషయమున నేనతని వెంట నడువఁజాలను. రాజ్యము క్రైస్తవరాజ్యమై యుండవలెననియు, యూదులకు రాజకీయాధికారము తగదనియు 1847లో నతఁడు వ్రాసెను. తన తాతతండ్రుల వారికే తలుపు మూసెను.

1858లో రాజు తమ్ముఁడు విల్హెల్ము రాజప్రతినిధియైన పిమ్మట నతని పలుకుబడి తగ్గెను. 1861లో మరణించెను.

కథ యంతటితో ముగియలేదు. 1933లో నాజీకక్షలోఁ జేరిన కార్ల్ ష్మిట్ అను మఱియొక న్యాయపండితుఁడు, ఆ దశాబ్దపు వ్రాఁతలలో నతనిని స్టాల్-యోల్సన్ అని పిలువసాఁగెను. 1819లో విడిచిన పేరును మఱల మెడకుఁ దగిలించెను. మోపిన నేరమేమనఁగా, ఈ యూదుఁడు ప్రష్యారాజును, అతని పక్షమును రాజ్యాంగమునకుఁ గట్టివేసి రాజ్యమును బలహీనపఱచెనఁట.