స్నేహితురాళ్ళు తీసిన సినిమా

1983 జనవరిలో ఒక సినిమా నటుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగింటి ఆడపడుచుల గురించి సభల్లో చాలా మాట్లాడారు. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్ళెవరూ ఆ సంవత్సరాన్ని మర్చిపోరు. అదే 1983 నాటి తెలుగు సినిమా మరొకటుంది. అరగంట కూడా ఉండదు. నలుపు తెలుపుల్లో తీసింది. అందులో తారలెవరూ లేరు. పేరు ‘ఇది కథ మాత్రమేనా?’. నేను చదివిన సినిమా చరిత్రల్లో దాని ఊసు లేదు.

ఆ పేరే నన్ను మొదట ఆపింది. ఇందులోని పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితాలని సినిమాల మొదట్లో వేస్తారు కదా, ఎవరూ కేసు పెట్టకుండా! వీళ్ళు ఆ మాటనే తిరగేసి ప్రశ్నగా మన మొహం మీదికి విసిరారు.

‘వీళ్ళు’ రెండు బృందాలు. ఒకటి బెంగుళూరులో 1980లో మొదలైన యుగాంతర్. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావ్, కెమెరా పట్టిన నవరోజ్ కాంట్రాక్టర్ కలిసి పెట్టుకున్నది. మన దేశంలో మొదటి ఫెమినిస్టు చలనచిత్ర బృందంగా దాన్ని చెప్తారు. రెండోది మన హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన. 1978లో నల్లకుంట పోలీస్‌స్టేషన్లో రమీజాబీ మీద జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని కుదిపేసిన రోజుల్లో పుట్టిన సంఘం. తర్వాత 1986లో తెలంగాణా పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలతో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది వీళ్ళే. ఒకావిడ ఎదురుగా కూర్చుని, తొందరపెట్టకుండా ఆమె చెప్పేది వినటం అనే పని వాళ్ళకి బాగా వచ్చు. ఈ సినిమా కూడా ఆ పనిలోంచే వచ్చింది.

దీనికి ముందు యుగాంతర్ తీసిన రెండూ కార్మిక స్త్రీల గురించి. 1981లో పూనా ఇంటిపని కార్మికుల మీద ‘మోల్‌కరీణ్’ తీశారు. మరుసటి ఏడు కర్ణాటకలోని నిపాణి పొగాకు ఫ్యాక్టరీల స్త్రీల దగ్గర నాలుగు నెలలు గడిపి ఇంకొకటి తీశారు. వాటిలో కార్మికులే తెర మీద కనిపిస్తారు, జరిగిన సమ్మెను మళ్ళీ తామే చేసి చూపిస్తారు. మరి హైదరాబాదు కొచ్చేసరికి కల్పిత కథ ఎందుకు కావాల్సొచ్చింది?

నాకు తోచిన జవాబు ఇది. యజమాని మీద పోరాడే స్త్రీకి వెనక సంఘం ఉంటుంది. కెమెరా ముందు నిలబడి పేరు చెప్పుకోగలదు. మొగుడు కొడుతున్నాడని చెప్పే మధ్యతరగతి భార్య షూటింగ్ అయ్యాక మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి, ఆ వంటింట్లోనే అన్నం వండాలి. ఆమె మొహాన్ని తెర మీద ఎలా చూపిస్తారు? అందుకని చాలామంది అనుభవాలని కలబోసుకుని, గంటల తరబడి చర్చించుకుని, ఆ చర్చల్లోంచే సంభాషణలు అల్లుకుంటూ, సంఘటన సభ్యులూ స్నేహితులే పాత్రలయ్యారు. డబ్బు లేక స్నేహితులతో నటింపజేశారని మనం తేలిగ్గా అనేస్తాం. నా దృష్టిలో అది పొదుపు కాదు. చెప్పుకోలేని స్త్రీకి తన మొహాన్ని అప్పిచ్చింది స్నేహితురాలు. ఈ సినిమాలో కల్పనకి అంతకన్నా పెద్ద పని లేదు.

డబ్బు లేకపోవడం మాత్రం నిజమే. 16 ఎం.ఎం. ఫిల్ము నాలుగొందల అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఎవరైనా మాట తడబడితే ఆ అడుగులు పోయినట్టే. తీసింది ఎలా వచ్చిందో ల్యాబు నుంచి వచ్చేదాకా తెలీదు. కాబట్టి మాట్లాడుకోవాల్సిందంతా కెమెరా తిరగకముందే మాట్లాడుకోవాలి. పరిశ్రమలోనూ స్త్రీలు దర్శకత్వం చెయ్యకపోలేదు. భానుమతి ‘చండీరాణి’ 1953లో, విజయనిర్మల ‘మీనా’ 1973లో వచ్చాయి. కానీ కథ ఎవరిదో, ఎలా ముగియాలో నటించేవాళ్ళంతా కూర్చుని వాదించుకునే పద్ధతి స్టూడియోల్లో సాధ్యమయ్యేది కాదు.

కొన్నేళ్ళ క్రితం మేం నలుగురం కలిసి ఫోనుతో పద్నాలుగు నిమిషాల సినిమా తీశాం, ఒక స్నేహితురాలి రెండు గదుల ఫ్లాట్‌లో. ఖర్చంతా కలిపి ఆటోలు, బిర్యానీ, ఒక అద్దె లైటు. రీలు అయిపోతుందన్న భయం లేదు. మాకు కరువైంది తీరిక. నలుగురికీ ఒకే ఆదివారం దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఒకామె ఇంట్లో పొద్దుటి వంట, మధ్యాహ్నం వంట రెండూ చేసేసి గానీ రాలేకపోయేది. ఇక భర్త పాత్ర! అభ్యుదయ కవిత్వం రాసే మిత్రులు కూడా ‘నన్నలా చూస్తే జనం ఏమనుకుంటారు’ అని తప్పుకున్నారు. చివరికి ఒప్పుకున్నతను, చెయ్యి ఎత్తాల్సిన షాటుకి ముందు ‘ఎందుకు ఎత్తుతాడు, చెప్పండి’ అని కూర్చున్నాడు. కారణం ఉండాలా అని మేము. ఆ రోజంతా వాదనే, ఒక్క షాటూ తియ్యలేదు. 1983 నాటి ఆ గదుల్లో ఏయే వాదనలు జరిగి ఉంటాయో అప్పుడే కాస్త ఊహించగలిగాను.

అప్పటి చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. భర్తా అత్తవారూ పెట్టే హింసకి శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా సెక్షనే లేదు. కిరసనాయిలు స్టవ్ పేలి కోడలు పోయిందన్న వార్త పేపర్లో రెండు లైన్లలో వచ్చేది. 498ఎ చేరింది 1983 డిసెంబరులో. శరీరానికే కాదు, మానసిక ఆరోగ్యానికి కలిగించే హానిని కూడా అది క్రూరత్వమంది. కుటుంబహింస చట్టానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ సినిమా దెబ్బల్ని మాత్రమే చూపించి ఊరుకోదు. దిగులు గురించి, మనిషి లోలోపల ముడుచుకుపోవడం గురించి మాట్లాడుతుంది. స్నేహితురాళ్ళ తోడు గురించీ మాట్లాడుతుంది. 498ఎ ఇప్పుడు 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. దాన్ని ఆడవాళ్ళు దుర్వినియోగం చేస్తున్నారని వాదించేవాళ్ళకి ఈ సినిమా చూపించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఒక కాలేజీలో చూపించాను కూడా. అయ్యాక ఒకమ్మాయి లేచి ‘ఆవిడ ఇప్పుడు ఎలా ఉంది మేడమ్?’ అంది. పాత్ర గురించా, నటించినావిడ గురించా అని అడిగాను. ‘ఎవరైనా సరే’ అంది. వెనక బెంచీల్లో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ సినిమాని ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సంస్థ యుగాంతర్ సినిమాలని డిజిటల్‌గా బాగుచేయడం వల్లే. 1984 హైదరాబాదు మతకలహాల మీద దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ కూడా అక్కడే బాగుపడింది. వాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ తెలుగులో మాట్లాడే సినిమా, హైదరాబాదు ఆడవాళ్ళు తమ కథలు పెట్టి చేసుకున్న సినిమా, జర్మనీ వెళ్ళి బతికి రావాలా? స్టార్ల సినిమాలకైనా మన దగ్గర సరైన భాండాగారం లేదు, నిజమే. ఆ సినిమాలకి కనీసం పాటల పుస్తకాలూ, పోస్టర్లూ, అభిమానులూ ఉన్నారు. సంఘాల సినిమాకి మిగిలేవి ఒకరిద్దరి జ్ఞాపకాలు, ఎవరింట్లోనో అటక మీది పెట్టె. నవరోజ్ కాంట్రాక్టర్ 2023లో రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ తరం స్త్రీలు చాలామంది డెబ్బై దాటారు.

ఆనాటి సమావేశాల ఫోటోలు, కరపత్రాలు, టేపులు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలవాడికి వెయ్యకండి. ఫోటో వెనకాల అందులో ఉన్నవాళ్ళ పేర్లు రాసి పెట్టండి.