జీఆర్ఈ స్కోరు నివేదన

జీఆర్ఈ స్కోరు నివేదన అనగా గ్రాడ్యుయేట్ రికార్డ్ ఎగ్జామినేషన్ వ్రాసిన విద్యార్థి స్కోరును, ఆ విద్యార్థి కోరిన విశ్వవిద్యాలయాలకు పరీక్షా సంస్థ అధికారికంగా పంపే ప్రక్రియ. అమెరికాలో ఎం.ఎస్. చదవగోరే తెలుగు విద్యార్థులలో చాలామంది ఈ పరీక్ష వ్రాస్తారు. ఏ స్కోరును, ఎప్పుడు, ఏ విశ్వవిద్యాలయానికి పంపాలనేది విద్యార్థే నిర్ణయించుకోవాలి.

నేపథ్యం

ఈ పరీక్ష అమెరికాలో 1936లో మొదలైనది. 1948 నుండి దీనిని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థ నిర్వహిస్తున్నది. భాషా విభాగానికి, గణిత విభాగానికి వేర్వేరుగా 130 నుండి 170 వరకు, వ్రాత విభాగానికి 0 నుండి 6 వరకు స్కోరు ఇస్తారు. స్కోరు 5 సంవత్సరాలు చెల్లుతుంది. తాను ఎంచుకున్న స్కోరును మాత్రమే పంపే వెసులుబాటు 2012 నుండి ఉన్నది. పంపని స్కోర్ల ప్రస్తావన ఆ నివేదికలో ఉండదు.

ఎంసెట్‌తో భేదం

1986లో మొదలైన ఎంసెట్‌కు తెలంగాణలో 2024 నుండి ఈఏపీసెట్ అని పేరు. అందులో విద్యార్థి ర్యాంకును కళాశాలలకు పంపవలసిన పని లేదు. ర్యాంకు నేరుగా కౌన్సెలింగుకు చేరుతుంది, విద్యార్థి వెబ్ ఆప్షన్లు ఇస్తే సరిపోతుంది. జీఆర్ఈలో ఉమ్మడి కౌన్సెలింగు లేదు. ప్రతి విశ్వవిద్యాలయానికి విడివిడిగా దరఖాస్తు చేసి, విడివిడిగా స్కోరు పంపాలి. ఎంసెట్‌కు అలవాటుపడిన విద్యార్థి ఈ భేదాన్ని ముందుగా గ్రహించడం అవసరం.

పరీక్ష రోజున

పరీక్ష ముగియగానే, స్కోరును ఉంచాలా, రద్దు చేయాలా అని కంప్యూటరు అడుగుతుంది. ఈ ప్రశ్న స్కోరు కనిపించక ముందే వస్తుంది. నచ్చని స్కోరును పంపకుండా ఉంచుకునే వీలున్నందున, భయపడి రద్దు చేయడం వలన సాధారణంగా ప్రయోజనం ఉండదు. ఉంచినచో భాషా, గణిత విభాగాల అనధికారిక స్కోర్లు తెరపై కనిపిస్తాయి. అప్పుడు 4 విశ్వవిద్యాలయాలకు ఉచితంగా స్కోరు పంపవచ్చును. ఈ అవకాశం ఆ రోజుకే పరిమితం. తరువాత పంపే ప్రతి నివేదికకు వేరుగా రుసుము చెల్లించాలి. అధికారిక స్కోరు 8 నుండి 10 రోజులలో వస్తుంది.

టోఫెల్ ఆంగ్ల పరీక్షలో ఉచిత నివేదికల గ్రహీతలను పరీక్షకు ముందే, అనగా స్కోరు తెలియక మునుపే ఎంచుకోవాలి.

ఎప్పుడు పంపాలి

* స్కోరు ముందుగా అనుకున్న స్థాయికి చేరినప్పుడు: నాలుగు ఉచిత నివేదికలను ఆ రోజే వాడుకోవడం మేలు.
* మళ్ళీ వ్రాయాలనుకున్నప్పుడు: పంపకుండా ఆగవచ్చును. రెండు ప్రయత్నాల మధ్య కనీసం 21 రోజుల వ్యవధి ఉండాలి. 12 నెలలలో 5 సార్లకు మించి వ్రాయరాదు.
* గడువు దగ్గరపడినప్పుడు: మరో ప్రయత్నం ఫలితం గడువులోగా అందదనుకుంటే ఉన్న స్కోరునే పంపాలి. స్కోరు చేరని దరఖాస్తు అసంపూర్ణంగా మిగిలిపోవచ్చును.
* జీఆర్ఈ తప్పనిసరి కానప్పుడు: 2020 తరువాత అనేక విభాగాలు ఈ నిబంధనను సడలించాయి. ఆ విభాగంలో చేరినవారి సాధారణ స్కోరు కంటే తక్కువ వస్తే పంపకపోవడమే మంచిది.
* విద్యార్థి స్వయంగా నమోదు చేసిన స్కోరును అంగీకరించినప్పుడు: కొన్ని విశ్వవిద్యాలయాలు అధికారిక నివేదికను ప్రవేశం ఇచ్చిన తరువాతే అడుగుతాయి. వాటికి ఉచిత నివేదికను వెచ్చించనవసరం లేదు.

కనుక నాలుగు పేర్ల జాబితాను, ఒక్కొక్క దానికి కావలసిన కనీస స్కోరును పరీక్షకు ముందే నిర్ణయించుకోవాలి. ఆర్లింగ్టన్, డల్లాస్, ఆస్టిన్ పేర్లు గల టెక్సాస్ విశ్వవిద్యాలయాలు పేరులో ఒకటిగా తోచినా, వేర్వేరు సంస్థలు. వాటి కోడ్ సంఖ్యలు కూడా వేరు. పొరపాటున ఒకదానికి పంపిన స్కోరు మరొకదానికి చెల్లదు.

ఉత్తర తెలంగాణ విద్యార్థులు

జగిత్యాలలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల 2007లో, బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడినవి. దీనితో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల గ్రామీణ విద్యార్థులకు ఇంజనీరింగ్ చదువు దగ్గరైనది. అయితే జీఆర్ఈ కొరకు ఇక్కడివారు సాధారణంగా హైదరాబాదు వెళ్తారు. ఆదిలాబాద్ నుండి అది సుమారు 300 కిలోమీటర్ల దూరం. ఇంటి నుండే వ్రాసే పద్ధతి 2020లో వచ్చినా, దానికి ఇతరులెవరూ లేని గది, నిలకడైన ఇంటర్నెట్ కావాలి. రెండవ ప్రయత్నమంటే పరీక్ష రుసుముతో పాటు ప్రయాణం, బస ఖర్చులు కూడా మళ్ళీ భరించాలి. వ్యవసాయం మీద, సింగరేణి కూలి మీద ఆధారపడిన కుటుంబాలకు ఇది చిన్న భారం కాదు.

తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాల క్రింద అర్హులైన షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. ఈ పథకాలకు దరఖాస్తు చేసేటప్పుడు స్కోరు పత్రం కూడా అవసరమవుతుంది. అందుచేత విశ్వవిద్యాలయాలకు పంపని స్కోరు పత్రాన్ని సైతం భద్రపరచుకోవాలి.