యల్లాప్రగడ సుబ్బారావుగారి వ్యాసములు – లోకపు లెక్క

తుంగభద్ర ఎడమ కాలువ నీటితో వరి పండించు జవళగేర ప్రాంతపు తెలుగు కుటుంబములకు భాస్వరమన్న మాట క్రొత్తది కాదు. మన పొలపు మట్టిలో అది ఎంత యున్నదో పరీక్షాలయములలో సాధారణముగా ఒక నీలిరంగు చిక్కదనమును బట్టి నిర్ణయింతురు. అట్టి నీలిరంగుతోనే నెత్తుటిలోని భాస్వరమును కొలుచు మేలైన పద్ధతిని 1925లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన పెద్దలలో పలువురు వలస వచ్చినదియు ఆ కోస్తా సీమనుండియే గదా!

ఒక శాస్త్రజ్ఞుడు ఎన్ని వ్యాసములు వ్రాసెను, వానిని తక్కినవారు ఎన్నిమారులు ప్రమాణముగా పేర్కొనిరి అను లెక్క నేడు ఉద్యోగములకును సన్మానములకును కొలబద్దయైనది. ఆ కొలబద్ద సుబ్బారావుగారి యెడ ఎంతవరకు నిలుచునో చూతము.

వారు 1895 జనవరి 12న జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివి, 1922లో బోస్టను చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు పూనుకొనిరి. భాస్వరమును కొలుచు పద్ధతులు అంతకుముందు లేకపోలేదు గాని వానిలో రంగునకు నిలుకడ చాలదు. వీరి పద్ధతిలో నెత్తుటినుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు ఆమ్లమును, అమ్మోనియం మాలిబ్డేటును చేర్చుదురు. పిదప అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లము కలిపినంతనే నీలిరంగు తేలును. తెలిసిన మోతాదుగల ద్రావణపు రంగుతో దానిని పోల్చినచో లెక్క తేలును. కొద్దిపాటి నెత్తురు చాలును. ఖరీదైన యంత్రముతో పనిలేదు. ఈ వ్యాసము అమెరికా జీవరసాయన పత్రిక 66వ సంపుటములో వెలువడినది. నాటినుండి మూత్రపిండముల వ్యాధులను, పిల్లల రికెట్సును పరీక్షించువారికి అది నిత్యోపయోగమైనది.

ఏ వ్యాసమును ఎవరెవరు పేర్కొనిరో తెలుపు సూచికను 1964లో ఫిలడెల్ఫియాకు చెందిన యూజీన్ గార్ఫీల్డు వెలువరించినప్పుడు, అప్పటికి నలుబది ఏండ్ల నాటిదైన ఈ వ్యాసము మిక్కిలిగా పేర్కొనబడినవానిలో ఒకటిగా కనబడినది. వింత యేమనగా, వారి మహత్తరమైన ఆవిష్కరణము ఇది కాదు. ఈ పద్ధతినే చేతబట్టి కండరములలో వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ అను పదార్థము బయటపడినవి. ప్రాణులు శక్తిని వినియోగించు తీరునకు ఏటీపీయే కీలకము. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే యేడు దానిని వేరుగా కనుగొనెను. నేడు ఏటీపీ పేరు వ్రాయువారు వేలకొలది యున్నను, ఆ 1929 వ్యాసమును ప్రమాణముగా చూపువారు అరుదు. జగమెరిగిన బ్రాహ్మణునకు జంధ్యమేల? లెక్కలకు పనిముట్టు చిక్కినది, పనిముట్టుతో త్రవ్విన నిధి చిక్కలేదు.

హార్వర్డులో స్థిరోద్యోగము లభింపక 1940లో వారు న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లే సంస్థకు తరలిరి. ఇచట లెక్క ఇంకను తారుమారగును. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన వార్తను తెలిపిన వ్యాసమునకు కర్తలు పదునారుగురు. పరిశోధనకు పెద్దయైన సుబ్బారావుగారి పేరు అక్షరక్రమమున ఏడవది. వారి బృందము రూపొందించిన అమినోప్టెరిన్ మందుతో పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికముగానైనను వెనుకకు మరల్చిన ఫార్బర్ వ్యాసము 1948లో వెలువడినది. దాని కర్తలలో వీరి పేరే లేదు. హార్వర్డునాటి సహపరిశోధకుడు, 1988 నోబెల్ గ్రహీత జార్జి హిచింగ్స్ సైతము, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములను ఫిస్క్ వెలికి రానీయలేదనియు, వానిని ఇతరులు మరల కనుగొనవలసి వచ్చినదనియు చెప్పెను. అచ్చే పడని పనిని ఏ సూచిక పేర్కొనగలదు?

బోదకాలు బాధ ఎరిగిన కోస్తావారికి మరొకటి చెప్పవలెను. 1947లో వారి నాయకత్వమున వెలువడిన హెట్రజాన్ అనునదే నేడు ప్రభుత్వము ఫైలేరియా నివారణకు పంచు డి.ఇ.సి. మాత్ర.

యౌవనమున వారి సోదరుడు స్ప్రూ అను విరేచనవ్యాధితో మరణించెను. తామును దానివలన బాధపడిరి. ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికే మందుగా తేలినది. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో 53వ యేట నిదురలో కన్నుమూసిరి. 1953లో లెడర్లేకు చెందిన శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు హెసెల్టైన్ ఒక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని పేరుంచెను.