భర్త బెంగళూరులో.. భార్య ఊర్లో: పిల్లల కోసం చూస్తున్నారా? ఏ రోజులు కీలకం, ఏ హార్మోన్ టెస్ట్ ఎప్పుడు?

వాన మొహం చాటేసిందంటే ఉమ్మడి అనంతపురం జిల్లాలో వేరుశనగ పోయినట్టే. కదిరి, మడకశిర, కళ్యాణదుర్గం వైపు నుంచి మగవాళ్లు బెంగళూరులో బిల్డింగ్ పనులకు పోయి, నెలకోసారో పండక్కో ఇంటికొస్తుంటారు. "పెళ్లై రెండేళ్లాయె, ఇంకా విశేషం లేదా?" అన్న ప్రశ్న మాత్రం ఊర్లో ఉన్న కోడలికే! కొన్ని జంటల్లో లోపమేమీ ఉండదు.. అండం విడుదలయ్యే రోజుల్లో ఇద్దరూ ఒకచోట లేకపోవడమే కారణం.

ఆ రోజులు ఎలా తెలుస్తాయి?

నెలసరి మొదలైన రోజును 1వ రోజుగా లెక్కపెట్టాలి. చాలామంది అందరికీ 14వ రోజే అనుకుంటారు. అది తప్పు. తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అంటే 28 రోజులకు నెలసరి వచ్చేవారికి 14వ రోజు, 35 రోజులకు వచ్చేవారికి 21వ రోజు అటూఇటుగా. అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు 5 రోజుల వరకు ఉండగలవు. కాబట్టి విడుదలకు ముందు 5 రోజులు, ఆ రోజు.. మొత్తం 6 రోజులే కీలకం. రోజు విడిచి రోజు కలిసినా చాలు.

మెడికల్ షాపుల్లో దొరికే ఓవ్యులేషన్ కిట్ మూత్రంలో ఎల్‌హెచ్ హార్మోన్ పెరగడాన్ని పట్టుకుంటుంది. రెండో గీత మొదటి గీతంత ముదురుగా వస్తే 24-36 గంటల్లో అండం విడుదలయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఫోన్ చేస్తే రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి రావచ్చు.. కానీ మేస్త్రీ సెలవివ్వాలి కదా! అందుకే మూడు నెలల తేదీలు రాసిపెట్టుకుని ముందే ప్లాన్ చేసుకోవడం మేలు. పీసీఓఎస్ ఉన్నవారికి ఈ కిట్ తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు.

21వ రోజు టెస్ట్ అందరికీ కాదు

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రాడియోల్ పరీక్షలకు నెలసరి 2 లేదా 3వ రోజు రక్తం ఇవ్వాలి. థైరాయిడ్, ఏఎంహెచ్‌కు ఏ రోజైనా ఫర్వాలేదు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ప్రొజెస్టిరాన్ దగ్గరే. అండం విడుదలైందా లేదా చెప్పే ఈ టెస్ట్ తర్వాతి నెలసరికి వారం ముందు చేయాలి. 28 రోజుల వారికే అది 21వ రోజు. 35 రోజుల వారికి 28వ రోజు. వాళ్లు 21నే చేయించుకుంటే రిపోర్ట్ తక్కువ వస్తుంది, అండం రాలేదనుకుని అనవసరంగా మందులు మొదలవుతాయి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి, ఫలితాలు తారుమారు కావచ్చు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

35 ఏళ్లలోపు వారు ఏడాది, దాటినవారు 6 నెలలు ప్రయత్నించాక వెళ్లాలి. నెలసరి 21 రోజులకంటే ముందే వస్తున్నా, 35 దాటుతున్నా అంతవరకు ఆగొద్దు. అనంతపురం సర్వజనాసుపత్రి, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రుల్లో గైనిక్ డాక్టర్లు ఉంటారు. భర్త నెలకు ఎన్ని రోజులు ఇంట్లో ఉంటాడో డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.. ఏడాది అన్న లెక్క దాన్నిబట్టే మారుతుంది. ఆయన ఊరొచ్చినప్పుడే వీర్య పరీక్ష కూడా చేయించాలి. దానికి ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండాలి, అంతకు తక్కువా ఎక్కువా కాకుండా చూసుకోవాలి.